సగం ఉప్పు

రంభ రేవులో దోసెడు నీళ్ళు ముంచి
నాలిక మీద వేసుకుని
నెల ఏదో చెప్పేవాడు మా మామ.
ఆయన పోయాక ఆ పని నాకొచ్చింది.
ఇవాళ పొద్దున నీళ్ళు సగం ఉప్పు, సగం చప్పన.
మాఘం సగమైందన్నమాట.
ఇక అన్నానికి చిలికా నీళ్ళే చాలు,
ఉప్పుడబ్బా మూత తీయక్కర్లేదు.

నూనెడబ్బాకి మట్టి మెత్తిన పొయ్యి మాది.
గాలి వెనకనుంచి తోస్తే పొగ మాకంటే ముందు
దిబ్బలకి కబురు చేరేస్తుంది.
గాలి మళ్ళితే నా కళ్ళలోకే.
చాప తిప్పమని ఇన్నేళ్ళలో ఒక్కసారీ అనలేదు నేను.
"కూర మాడతంది" అంటాను.
చుక్కాని దగ్గర కూర్మయ్య తాడు వదులుతాడు.

చాపకి నా పాత నీలం చీర ఒక అతుకు.
ఇంకో అతుకు ఎన్నికల గుడ్డ,
ఎవరిదో సగం నవ్వు.
గాలి పట్టినప్పుడు ఆ బుగ్గ పొంగుతుంది,
పంటి నొప్పి వచ్చినట్టు.

కిరసనాయిలు, వలదారం, బెల్లం దిమ్మలు,
తలనొప్పి మాత్రలు, బడి ఉన్న దిబ్బకి సుద్దముక్కలు.
లెక్క ఒడియాలో, తిట్టు తెలుగులో,
బేరం రెండూ కలిపి.
ముందుభాగాన గడ దింపుతూ లోకనాథం ఎక్కాలు చెబుతాడు:
పదమూడు రెళ్ళు ఇరవయ్యారు, నడుంలోతు,
పదమూడు మూళ్ళు ముప్పైతొమ్మిది,
అమ్మా, బురద.

మోటారు పడవలవాళ్ళు నీటిపందిని చూపిస్తామని
జనాన్ని ఎక్కించుకుని తిరుగుతారు పగలంతా.
మేం దాన్ని చూసింది తక్కువే.
రాత్రి లంగరు వేసి పడుకుంటే
చెక్కకి అవతల ఊపిరి వదులుతుంది,
చుట్ట తాగే ముసలాయన ముక్కు చీదినట్టు.
కూర్మయ్య నిద్రలోనే "ఊఁ" అంటాడు.

కంసారి దిబ్బమీద ఉన్నవి నాలుగిళ్ళు.
అక్కడ ఎప్పుడూ రెండు అగ్గిపెట్టెలు,
బదులుగా బాతుగుడ్లు.
ఈసారి గుడ్లు లేవు.
మాలతీ బెహెరా గుడ్డలో ఏదో చుట్టుకుని
మోకాలిలోతు నీళ్ళలోకి దిగొచ్చింది.
"మావుసీ, వీడెంతున్నాడో చూడవా?"

తొమ్మిది రోజులవాడు.
తూచేవాళ్ళు ఆ దిబ్బకి రాలేదు,
వాళ్ళొచ్చే లాంచీ బాగుకి పోయిందట.

పడవలో తక్కెడ నిజం చెప్పదు.
ఎవరికైనా ఒడ్డున దిగే తూస్తాను,
బెల్లానికైనా అంతే.
జీడికొమ్మకి తక్కెడ కట్టాను.
పళ్ళాన్ని రెండుసార్లు కడిగి, కొంగుతో తుడిచి, చీమల్ని దులిపి
వాడిని పడుకోబెట్టాను.
నలుగురిళ్ళవాళ్ళూ చుట్టూ నిలబడ్డారు,
నేను మోసం చేస్తానేమోనని చూసే చూపే,
కానీ ఇవాళ ఎవరూ ముల్లు తమవైపు మొగ్గాలని అడగలేదు.

రెండు కిలోల రాయి వేశాను. వాడు కదల్లేదు.
పావు రాయి వేశాను. కాలు తన్నాడు,
ముల్లు ఊగింది, ఊగి ఊగి
వాడివైపే వాలింది.
ఇంకేం వెయ్యను? నూరు గ్రాముల రాయి
కిందటి వానల్లో నీళ్ళలో పడిపోయింది.
చేతికందిన ఎర్రసబ్బు బిళ్ళ పెట్టాను.
ముల్లు నిటారుగా నిలిచింది.

మాలతి వేళ్ళమీద లెక్కపెట్టుకుంది,
ఏం లెక్కో, ఎవరికి చెప్పడానికో.
వాళ్ళత్త నా మోచెయ్యి పట్టుకుని
"అప్పులో రాయి" అంది.
నవ్వాను. ఏమని రాయను?

పొద్దు వాలేసరికి గాలి చచ్చిపోయింది.
సగం నవ్వు కొయ్యకి వేలాడింది.
లోకనాథం గడ వేస్తూ ఎక్కాలు మానేసి
తను పుట్టినప్పుడు ఎంతున్నాడని అడిగాడు.
నాకు తెలీదు. వాడిని ఎవరూ తూచలేదు.
"ఇప్పుడు మోస్తున్న గడంత" అన్నాడు కూర్మయ్య.

దీపం దగ్గర బాకీల పుస్తకం తీశాను.
కంసారి దిబ్బ. రెండుంపావు, ఒక సబ్బు.
చెల్లు పెట్టలేదు, బాకీ పెట్టలేదు.
"ఏటే, సబ్బొకటి తగ్గింది?" అన్నాడు సరుకు సర్దుతూ.
అక్కడే వదిలేశానన్నాను.

వచ్చే పున్నానికి
దాని బదులు రాయి వెయ్యాలి.
రంభలో నూరు గ్రాములది కొనాలి,
మర్చిపోకూడదు.
కూర మాడుతోంది.